అల్లునికి మామ ఉత్తరం: పాతికవేలలో కారుకు మంచి సౌండ్

చిరంజీవి అల్లునికి మీ మామ దీవెనలు.

నువ్వు స్విఫ్ట్ కొన్నవని అక్క చెప్పంగనే చాన సంతోషమైంది. నువ్వు పంపిన ఫోటోలు చూసిన. పది ఇంచుల టచ్ స్క్రీన్, పన్నెండు ఇంచుల సబ్ ఊఫర్ (లోతు బేస్ ఇచ్చే పెద్ద స్పీకర్), దాని డబ్బా మీద 1400 వాట్లని పెద్దక్షరాలు. చేతిలో 25 వేలున్నయి, ఏది ముందు కొనాలె మామా అని అడిగినవు. ఆ రెండూ ఇప్పుడు కొనకు. నీ పైసలు ముందుగాల ముంగటి రెండు డోర్లకు పెట్టు. ఎందుకో వివరంగ రాస్తున్న, దుకాణానికి పోయేముందు ఒకసారి మొత్తం చదువు.

డబ్బా మీద పెద్దగ రాసేది మ్యాక్స్ వాట్లు, అంటే రెప్పపాటు తట్టుకునే లెక్క. నీకు కావాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగ పనిచేసే లెక్క. అది వెనకాల చిన్నక్షరాల్లో ఉంటది. అసలు రాయనే లేదంటే ఆ సరుకు ముట్టకు. స్టీరియో మీద 50 ఇంటూ 4 అని ఉన్నా, ఒక్కో ఛానెల్‌కు, అంటే ఒక్కో స్పీకర్ లైనుకు, నికరంగ వచ్చేది 20 వాట్లకు అటుఇటే. సెన్సిటివిటీ అని డెసిబెల్స్‌లో ఇంకో అంకె ఉంటది, దాన్ని కూడ చూడు. 89 ఉన్న స్పీకర్ ఎంత సౌండ్ ఇస్తదో 92 ఉన్నది సగం వాట్లతోనే అంత ఇస్తది. తక్కువ పైసలతో సిస్టం కట్టేటోనికి ఇది అన్నిటికన్న పనికొచ్చే అంకె. దుకాణంలో వాళ్లంతట వాళ్లు చెప్పరు, నువ్వే అడుగు.

ముందు డోర్లకు ఆరున్నర ఇంచుల కాంపొనెంట్ సెట్ తీసుకో. ఏడెనిమిది వేలు దానికి పెట్టు. కోయాక్సియల్ రకంలో ట్వీటర్ (సన్న సప్పుళ్ల చిన్న స్పీకర్) ఊఫర్ (లావు సప్పుళ్ల పెద్ద స్పీకర్) నడుమనే కూర్చుంటది. కాంపొనెంట్‌లో విడిగ వస్తది, మధ్యలో సన్న, లావు సప్పుళ్లను విడదీసే క్రాసోవర్ ఉంటది. మన డోర్లలో స్పీకర్ మోకాలి కాడ ఉంటది గద, గజ్జెల సప్పుడు, తాళం, పాడేవాళ్ల గొంతులోని స, ష అన్నీ అక్కడ్నే కాళ్ల కాడ ఆగిపోతయి. ట్వీటర్ సైడు అద్దం మూలకు పెడితే గొంతు డ్యాష్‌బోర్డ్ మీదికి లేస్తది. కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న బండి అయితే మాత్రం ఆ పక్క పిల్లర్‌కు బొక్క కొట్టనియ్యకు. ఎయిర్‌బ్యాగు విచ్చుకునే దారి అదే. కొనేముందు స్పీకర్ లోతు కొలువు, గ్లాసు పూర్తిగ దించి చూడు. వెనక మ్యాగ్నెట్ గ్లాసుకు తగిలితే ఎంత మంచి స్పీకరైనా వృథా. వెనక డోర్ల స్పీకర్లు కంపెనీవే ఉండనియ్, వాటికి రూపాయి పెట్టకు.

కోఠి గుజరాతీ గల్లీకి పోతే నాలుగు రకాలు పక్కపక్కన పెట్టి వినొచ్చు. నీకు బాగ తెలిసిన పాట పెన్‌డ్రైవ్‌లో వేసుకపో, వాళ్లు పెట్టే బేస్ పాట విని మోసపోకు. బిల్లు, వారంటీ కార్డు లేనిది తేకు.

ఇగ డోర్. అందరూ మిగిలిన పైసలతో చేద్దామనుకుని వదిలేసే పని ఇదే, నాకు అన్నిటికన్న బాధ కలిగేదీ ఇదే. స్పీకర్ ముందుకు ఎంత గాలి తోస్తదో వెనక్కూ అంతే తోస్తది. ప్యానెల్ విప్పి చూడు, లోపలి రేకుకు చెయ్యి పట్టేంత బొక్కలుంటయి. వెనక గాలి ఆ బొక్కల్లోంచి ముందుకొచ్చి కలిసిందంటే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటయి, అట్ల పోయేది బేస్. సబ్ ఊఫర్ కావాలె అనిపించేది చానమందికి ఇందుకే. వేలి మెటికతో బయటి రేకు కొట్టి విను, కట్టు వదులైన డప్పు లెక్క మోగుతది. దానికి నడుమ భాగం వరకు బ్యూటైల్ షీట్ (అదురు ఆపే రబ్బరు లాంటి షీట్) అతికించి, రోలర్‌తో గట్టిగ ఒత్తి, మళ్లీ కొట్టు. టక్ అని పొట్టిగ ఆగిపోతది. అంతే కావాల్సింది. రేకంతా కప్పాల్సిన పని లేదు. అతికించేముందు జిడ్డు పోయేట్టు తుడువు, దుమ్ము మీద షీట్ నిలవదు. తక్కువకొస్తదని తారు షీట్ అంటగడ్తరు, వద్దు. మన దిక్కు ఎండకాలం 45 డిగ్రీల దాకా పోతది, మూసిన కారులో అది కారి వాసనొస్తది. లోపలి బొక్కలు కూడ మూసెయ్. డోర్ అడుగున సన్నటి కంతలుంటయి చూడు, వాటిని మాత్రం మూయకు. వానకు గ్లాసు మీంచి లోపలికి దిగిన నీళ్లు అక్కడినుంచే పోవాలె, లేకుంటే డోర్ తుప్పు పడ్తది. స్పీకర్ కింద రింగు ప్లాస్టిక్‌ది పెట్టు, చెక్కది నీళ్లకు ఉబ్బుతది. రెండు డోర్లకు మూడు వేలల్లో అయిపోతది.

స్క్రీన్ ఎందుకు వద్దన్ననంటే, అది కంటికే తప్ప చెవికి కాదు. కంపెనీ స్టీరియో ఉంచుకుని, హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న నాలుగు ఛానెళ్ల ఆంప్ (సౌండ్ బలం పెంచే యాంప్లిఫైయర్) తీసుకో. స్టీరియో నుంచి స్పీకర్లకు పోయే వైర్లే ఆ ఆంప్‌కు ఇస్తే సరిపోతది. ఛానెల్‌కు 50 వాట్ల ఆర్‌ఎంఎస్ చాలు, ఎనిమిది వేల లోపల చూడు. ఇప్పుడు రెండు ఛానెళ్లు ముందు స్పీకర్లకు వాడు, మిగిలిన రెండు రేపు సబ్ కోసం ఖాళీగ ఉండనియ్. కంపెనీ వైరింగ్ కోయనియ్యకు, కోయకుండ కలిపే కప్లర్ దొరుకుతది.

వైర్ల కాడ మాత్రం కక్కుర్తి పడకు. మొన్న హాలియా నుంచి ఒక పిల్లగాడు వచ్చిండు, పాట పెంచితే హెడ్‌లైట్లు మినుకుమినుకుమంటున్నయని. ఆంప్‌కు వచ్చిన ఎర్ర వైరు బొటనవేలంత లావున్నది. బ్లేడుతో కోసి చూస్తే సగానికి ఎక్కువ ప్లాస్టిక్కే. లోపలి పోగు తీసి గీకితే పైన ఎరుపు పోయి తెల్లగ మెరిసింది. అల్యూమినియం మీద రాగి పూత. ఎర్త్ వైరు చూస్తే పెయింట్ మీదనే స్క్రూ బిగించిండ్రు. ఫ్యూజ్ లేదు. ఫిట్ చేసినోళ్లు దానికి పైసలు మాత్రం రాగికి తీసుకున్నరు. ఫ్యూజ్ లేకుండ బ్యాటరీ నుంచి డిక్కీ దాకా గుంజిన వైరు ఎక్కడన్న రేకుకు రాసుకుపోయిందంటే కారు కాలిపోతది బిడ్డా, ఇది నువ్వు తేలికగ తీసుకోకు.

నీ 200 వాట్ల (50 చొప్పున నాలుగు ఛానెళ్ల) ఆంప్ క్లాస్ డి రకమైతే ఫుల్ సౌండ్‌లో 20 ఆంపియర్లు గుంజుతది, పాత ఏబీ రకమైతే 30 దాకా. 8 గేజ్ నికార్సైన రాగి వైరు చాలు. దుకాణంలోనే పోగు గీకి చూసి కొను. బ్యాటరీకి మూరెడు దూరం లోపలే ఫ్యూజ్ పెట్టించు. ఎర్త్ పొట్టిగ ఉండాలె, పెయింట్ గీకి రేకు తెల్లగ కనపడ్డంక బోల్టు బిగించాలె, సీటు బెల్టు బోల్టుకు కాదు. పవర్ వైరు ఒక పక్క, స్పీకర్ సిగ్నల్ వైర్లు ఇంకో పక్క నడిపిస్తే ఇంజన్ రేజ్ చేసినప్పుడు వచ్చే కూయ్ సప్పుడు చానవరకు రాదు. ఆంప్ కార్పెట్ కింద కప్పెట్టనియ్యకు, దానికి గాలాడాలె.

ఆంప్ మీద గెయిన్ అనే బిరడ ఉంటది, అది వాల్యూమ్ కాదు. స్టీరియోను ముప్పావు వంతు పెంచి, బేస్ బూస్ట్ ఆపేసి, గెయిన్ మెల్లగ తిప్పు. గొంతు చిరిగినట్టు వినపడంగనే కొంచెం వెనక్కి తిప్పి ఆపు. చిరిగిన సౌండే ట్వీటర్లను కాలుస్తది. ముందు స్పీకర్లకు హై పాస్ (లోతు సప్పుళ్లను ఆపే సెట్టింగు) 80 హెర్ట్జ్ కాడ పెట్టు, చిన్న స్పీకర్‌కు లోతు బేస్ మోసే కష్టం తప్పుతది.

ఇట్ల నెల రోజులు విను. ఇంకా లోతు కావాలె అనిపిస్తే అప్పుడు పది ఇంచుల సబ్, మూసిన డబ్బాలో. పోర్ట్ డబ్బా, అంటే గాలి పోయే బొక్క ఉన్నది, ఎక్కువ మోగుతది గని జాగ తింటది, డప్పు దెబ్బ అంత తేటగ ఆగదు. ఆంప్ బ్రిడ్జ్ చేసినప్పుడు, అంటే రెండు ఛానెళ్లు ఒకటిగ కలిపినప్పుడు, 4 ఓములకు (కరెంటుకు అడ్డు లెక్క) తగ్గొద్దని రాసి ఉంటే 2 ఓముల సబ్ తగిలించకు, ప్రొటెక్షన్‌లోకి పోయి ఆగుతది. సీఎన్‌జీ పెట్టియ్యాలని ఉంటే డిక్కీ సిలిండర్‌కే పోతది, సీటు కింది సబ్ చూద్దాం.

ఎంత మంచిగ కుదిరినా, మిర్యాలగూడ మీదికొచ్చేటప్పుడు మిల్లుల లారీల హారన్ వినపడేంతనే పెట్టుకో.

సరుకంతా కొన్నంక ఫిట్ చెయ్యనీకి అక్కడ ఎవరికీ ఇయ్యకు. కల్వకుర్తి, మల్లేపల్లి మీదుగ ఒక ఆదివారం పొద్దుగాలనే బయలెల్లు, డోర్లు ఇద్దరం కూసుని విప్పుదాం. ప్యానెల్ క్లిప్పులు ఒక ఇరవై కొత్తవి పట్టుకరా, పాతవి విప్పేటప్పుడు విరుగుతయి.

ఇట్లు
మీ మామ, మిర్యాలగూడ