పాత వాగు ఎటు పారేదో ముందు చూడండి

నిజాంపేట దగ్గర కొనాలనుకుంటున్న స్థలంలో కాలువ లేకున్నా వాన నీరు నిలుస్తోందని రాశారు. లేఅవుట్ ప్లాను ఒక్కటే నమ్మకండి. రెవెన్యూ గ్రామ నక్షాలో మీ సర్వే నంబరు చుట్టూ వాగు, కుంట గుర్తులున్నాయేమో చూడండి. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీటు (ఎత్తుపల్లాలు, వాగులు చూపే పటం), గూగుల్ ఎర్త్ పాత చిత్రాలతో పోల్చండి. ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు; పై చెరువు అలుగు పారితే నీరు కింది చెరువుకే దారి వెతుక్కుంటుంది. ఆ దారిలో మట్టి పోసి ఎత్తు పెంచితే మునిగేది పక్కవాళ్ల ఇల్లు. దయచేసి ఆ పని మాత్రం చేయకండి! భవన నిర్మాణ నిబంధనలపై 2012లో వచ్చిన 168వ జీవో ప్రకారం 10 మీటర్లకు మించిన వెడల్పున్న నాలా నుంచి 9 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 2 మీటర్లు కట్టడం లేకుండా వదలాలి. నీటిపారుదల శాఖ నిరభ్యంతర పత్రం చూశాకే బయానా ఇవ్వండి.