టెక్ సందేహాలు: ఫాఫ్సాలో సున్నా రాస్తే పింఛను పోతుందా?

ప్రశ్న: మా బాబు ఈ ఫాల్‌లో కాలేజీలో చేరతాడు. ఫాఫ్సా (కాలేజీ ఖర్చుకు ప్రభుత్వ సాయం అడిగే దరఖాస్తు) కోసం నా పేరుతో అకౌంట్ తెరుస్తుంటే వివరాలు సరిపోలడం లేదంటోంది. హైదరాబాద్‌లో మూడేళ్లు, ఇక్కడికొచ్చాక 2006, 2007లో ఉద్యోగం చేశాను. వాడు పుట్టాక మానేశాను. ఇప్పుడు నా ఆదాయం సున్నా అని రాస్తే రేపు సోషల్ సెక్యూరిటీ పింఛను రాకుండా పోతుందా? ట్యాక్స్ ఇద్దరం కలిపే ఫైల్ చేస్తాం.
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అసలు మీరు ఆ అకౌంట్ తెరవనక్కర్లేదు. ట్యాక్స్ కలిపి ఫైల్ చేసే దంపతుల్లో ఒక్కరు లాగిన్ అయితే చాలు. మీవారు తన అకౌంట్‌తో వెళ్లి, ఐఆర్‌ఎస్ (పన్నుల శాఖ) నుంచి వివరాలు తెప్పించుకోవడానికి ఒప్పుకుని, మీ పేరు, పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు ఇస్తే సరి.

అయినా తెరవాలనుకుంటే, బీరువాలోంచి సోషల్ సెక్యూరిటీ కార్డు తీసి ఎదురుగా పెట్టుకోండి. పేరు దాని మీద ఎలా ఉంటే అలాగే కొట్టాలి. పాస్‌పోర్టులో పుట్టింటివారి పేరు, కార్డు మీద అత్తింటివారి పేరు, పైగా ఏది ముందు ఏది వెనక అన్న గొడవ... మనవాళ్ల అకౌంట్లు ఆగేది ఎక్కువగా ఇక్కడే. ఈమెయిల్ కూడా ఎవరిది వారికే ఉండాలి. బాబు మెయిల్‌తో ఇంటిల్లిపాదికీ తెరవడం కుదరదు.

ఇక సున్నా సంగతి. ఫాఫ్సా విద్యాశాఖది. అది సోషల్ సెక్యూరిటీ వాళ్లను అడిగేది మీరెవరో సరిచూడటానికే. అందులో ఏం రాసినా మీ పింఛను లెక్క మారదు.

సొంత పింఛనుకు 40 క్రెడిట్లు, అంటే ఇక్కడ ఉద్యోగం చేసి సంపాదించినందుకు జమయ్యే పాయింట్లు, కావాలి. ఏడాదికి నాలుగుకు మించి రావు. రెండేళ్ల ఉద్యోగానికి మీకు మహా అయితే ఎనిమిది. హైదరాబాద్ మూడేళ్లు కలవవు, రెండు దేశాల ఉద్యోగాన్నీ కలిపి లెక్కించే ఒప్పందం భారత్‌తో అమెరికాకు లేదు. అయితే మీవారి రికార్డు మీద మీకు వాటా ఉంది. ఆయన పూర్తి పింఛను నెలకు 3,000 డాలర్లనుకుంటే, మీరు 67 ఏళ్లకు తీసుకుంటే మీకు 1,500 దాకా వస్తుంది. 62కే తొందరపడితే సుమారు 975. ఆయన తన పింఛను మొదలుపెట్టాకే మీది మొదలవుతుంది. మీకిచ్చారని ఆయనది తగ్గించరు. ఇన్నేళ్ల ఇంటి చాకిరీకి క్రెడిట్ ఒక్కటీ ఇవ్వకపోవడం అన్యాయమే అంటాను, కానీ చట్టం అలా ఉంది.

ఇంకొకటి. ఫాఫ్సాలో ఆస్తుల దగ్గర చాలామంది 401కె (ఉద్యోగం ద్వారా దాచుకునే రిటైర్‌మెంట్ ఖాతా) సొమ్ము కూడా రాసేస్తుంటారు. రాయకండి. రిటైర్‌మెంట్ ఖాతాల్లో ఉన్న నిల్వ, మీరుంటున్న ఇల్లు అక్కడ చూపనక్కర్లేదు. అనవసరంగా చూపిస్తే బాబుకు వచ్చే సాయం తగ్గొచ్చు.

తీరిక దొరికినప్పుడు ప్రభుత్వ సైట్లకు వాడే లాగిన్.గవ్ అకౌంట్ ద్వారా సోషల్ సెక్యూరిటీ సైటులోకి వెళ్లి, ఏటేటా సంపాదన చూపే పట్టిక తెరవండి. 2008 నుంచి సున్నాలు ఉంటాయి, కంగారు పడకండి. 2006, 2007 ఎదురుగా మాత్రం అంకెలు ఉండాలి. లేకపోతే ఆనాటి డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం, పన్ను వివరాల) కాగితాలు వెతికి పట్టుకుని, దిద్దమని అడగండి.