పెద్దవాడు, చిన్నవాడు: ఎవరికి ఎవరు దాసుడు?

సందేహం: ఆదికాండం 25:23లో, కవలలను మోస్తున్న రిబ్కాకు దేవుడిచ్చిన జవాబు తెలుగు బైబిల్లో ‘పెద్దవాడు చిన్నవానికి దాసుడగును’ అని ఉంది. హీబ్రూలో మాత్రం ఎవరు ఎవరికి దాసుడో తేలదని ఒకరన్నారు. నిజమేనా? నిజమైతే ఆ తేలనితనాన్ని తెలుగులోకి తేవచ్చా?

సమాధానం: నిజమే. హీబ్రూలో అక్కడున్నవి మూడే మాటలు, ‘వెరవ్ యఅవోద్ సాయీర్’. ఉన్నదున్నట్టు తెలుగులో పేరిస్తే ‘పెద్ద, సేవిస్తాడు, చిన్న’ అవుతుంది. వెంటనే ‘ఎవరిని?’ అని అడగాలనిపిస్తుంది కదా, ఎందుకంటే ని, కి లేకుండా మనకు ఈ వాక్యం నడవదు. హీబ్రూలో కర్మను చూపించడానికి ‘ఎత్’ అనే చిన్న మాట ఉంది గానీ కవిత్వంలో దాన్ని తరచుగా వదిలేస్తారు, ఇక్కడా అది లేదు. ముందున్నదే కర్త అనుకోవడం సహజం కాబట్టి తెలుగు అనువాదకులు అలాగే రాశారు, వాళ్లను తప్పుపట్టను. కానీ హీబ్రూ కవిత్వంలో కర్మ ముందుకు రావడమూ ఉంది. 12–13 శతాబ్దాల యూదు వ్యాకరణవేత్త దావీదు కిమ్హి సరిగ్గా ఈ వచనం దగ్గరే, ‘ఎత్’ లేదు కాబట్టి ఎవరు ఎవరిని సేవిస్తారో స్పష్టం కాలేదని రాశాడు.

‘వెరవ్’లోని ‘రవ్’ అనే మాట కూడా ఇంటి పెద్దకొడుక్కి మామూలుగా వాడేది కాదు. రెండు అధ్యాయాల తర్వాత ఏశావును పెద్ద కొడుకు అన్నప్పుడు ఇదే కథ ‘గాదోల్’ అంటుంది. ‘రవ్’లో ఎక్కువ, గొప్ప అనే అర్థాలే ముందు వినిపిస్తాయి.

ఇక కథ చూడండి. కడుపులో కవలలు పెనుగులాడుతుంటే తట్టుకోలేక రిబ్కా అడిగింది, ఈ జవాబు వచ్చింది. ఆ మాట ఆమె భర్త ఇస్సాకుకు చెప్పినట్టు ఎక్కడా లేదు. ఏళ్లు గడిచాక, ఏశావుకు దక్కాల్సిన దీవెన చిన్నవాడైన యాకోబుకు దక్కాలని, ఒళ్లంతా రోమాలున్న అన్నలా అనిపించేలా అతని చేతులకు మేకపిల్లల తోళ్లు చుట్టి, చూపు ఆనని ఇస్సాకు దగ్గరికి పంపింది. తెలుగు వాక్యం చదివితే, దైవవాక్కును నెరవేర్చడానికే ఆమె అలా చేసిందనిపిస్తుంది. హీబ్రూ చదివితే మాత్రం, రెండు రకాలుగా వినదగ్గ మాటను తాను ప్రేమించిన కొడుకు వైపు విన్న ఒక తల్లి కనిపిస్తుంది. నాకు ఈ రెండో తల్లే నిజమనిపిస్తుంది, ఆ ఇంట్లో తర్వాత జరిగిన గొడవంతా అప్పుడే అర్థమవుతుంది.

తెలుగులోకి తేవడం సంగతి. ‘నీళ్లు తాగాడు’, ‘పుస్తకం చదివింది’ అన్నట్టు ప్రాణం లేనివాటికి విభక్తి వదిలేస్తాం గానీ మనుషుల దగ్గర అది కుదరదు. ‘అన్న తమ్ముడు కొట్టాడు’ అంటే టైపింగ్ తప్పు అనుకుంటారు. అయితే షష్ఠిలో దారి ఉంది. ‘పిల్లల భయం’ అంటే పిల్లలు పడే భయమా, పిల్లలంటే భయమా? అలాగే ‘తమ్ముడి సేవ’ తమ్ముడు చేసేదీ కావచ్చు, తమ్ముడికి చేసేదీ కావచ్చు. అందుకని ‘పెద్దవాడి పాలికి వచ్చేది చిన్నవాడి సేవ’ అని రాసి చూడండి, రెండర్థాలూ నిలుస్తాయి.

ఇలాంటిదే 27వ అధ్యాయంలో ‘మిన్’ అనే ప్రత్యయం. ఇస్సాకు యాకోబును దీవించినప్పుడు (28వ వచనం) ఆకాశపు మంచుకూ భూసారానికీ ముందు ఇదే ఉంది, ఏశావుతో చెప్పినప్పుడూ (39వ వచనం) ఇదే ఉంది. మన ‘నుంచి’ లాగా దీనికి ‘అందులోంచి కొంత’ అనీ ‘దానికి దూరంగా’ అనీ రెండర్థాలున్నాయి. తెలుగు బైబిల్ యాకోబుకు అవి ఇచ్చి, ఏశావుకు ‘లేకయు’ అంది. ముసలి తండ్రి పెద్దకొడుక్కి ఏదీ మిగల్చలేదా, కొంత మిగిల్చాడా అన్నది ఆ ఒక్క ప్రత్యయంలో ఉంది.

చివరికి 33వ అధ్యాయంలో అన్నను మళ్లీ కలిసినప్పుడు, ఏడుసార్లు నేలకు వంగి దండం పెట్టేది యాకోబే. అన్నతో మాట్లాడుతూ తనను ‘నీ దాసుడు’ అనుకుంటాడు, ఆ మాటకూ ‘యఅవోద్’కూ ధాతువు ఒకటే. 11వ వచనంలో తాను తెచ్చింది తీసుకోమని బతిమాలుతూ దాన్ని ‘బెరాఖా’ అంటాడు. తెలుగులో అక్కడ ‘కానుక’ అని వేశారు, ఆ అర్థం ఉంది కూడా. కానీ బెరాఖా అంటే మొదటి అర్థం దీవెన. ‘నాన్నా, నీ దగ్గర ఒక్క దీవెనే ఉందా’ అని ఏశావు గొల్లున ఏడ్చింది ఈ మాట కోసమే. నేనైతే అక్కడ ‘నా దీవెన పుచ్చుకో’ అనే ఉంచుతాను.