స్విఫ్ట్ లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ ఊడట్లేదు, ఫోర్క్ కొనాలా?

మీ బాధ ఇదీ: భీమిలి రోడ్డు వైపు ఇంటి దగ్గరే పాత స్విఫ్ట్‌కి ఎడమ లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బండికి కలిపే చెయ్యి) మారుస్తున్నారు. పించ్ బోల్టు వదులు చేశారు. ఆర్మ్ మీద సుత్తితో ఎంత బాదినా దాని కొసనున్న బాల్ జాయింట్ నకిల్‌లోంచి (చక్రాన్ని మోసే లోహపు భాగం) కిందికి దిగట్లేదు. ఫోర్క్ (జాయింట్‌ని ఊడగొట్టే రెండు కొమ్మల చీలిక పనిముట్టు) కొనాలా అని అడిగారు.

వద్దండీ. ఆ డబ్బు పెట్టి లేపిన బండిని నిలబెట్టే జాక్ స్టాండ్లు ఒక జత కొనుక్కోండి. ఫోర్క్ పనికొచ్చేది టేపర్ స్టడ్‌కి, అంటే జాయింట్‌లోంచి పొడుచుకొచ్చి కొస వైపు సన్నబడే కడ్డీకి. మీ బండిలో లోయర్ ఆర్మ్ స్టడ్‌కి టేపర్ ఉండదు. నిటారుగా ఉంటుంది, దాని చుట్టూ ఒక గాడి ఉంటుంది, నకిల్ చెవి గుండా అడ్డంగా దూరిన పించ్ బోల్టు ఆ గాడిలో కూర్చుంటుంది. అందుకే బోల్టు వదులు చేస్తే చాలదు, పూర్తిగా బయటికి లాగెయ్యాలి. అది అడ్డంగా ఉన్నంతసేపూ ఆర్మ్ మీద పడే ప్రతి దెబ్బా ఆ బోల్టునే వంచుతుంది.

సముద్రం పక్క బళ్ళలో అసలు తగువు ఈ బోల్టుతోనే. రుషికొండ, భీమిలి వైపు తిరిగే బండికి ఉప్పు గాలి, వానాకాలపు బురద కలిసి నకిల్ చీలికలో గట్టిగా పేరుకుపోతాయి. ముందు వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు వదిలించే స్ప్రే బోల్టు రెండు కొసల్లోనూ చీలికలోనూ కొట్టి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున ఆరు పలకల సాకెట్ వెయ్యండి, పన్నెండు పలకలది తుప్పు పట్టిన తలని గుండ్రం చేసేస్తుంది. తిరగకపోతే ముందు బిగించే వైపు కాస్త కదిపి, తర్వాత వదులు వైపు పావు చుట్టు, మళ్ళీ వెనక్కి. ఒకే దిక్కుకి గుంజితే తల తెగుతుంది. తెగితే ఇక ఇంట్లో డ్రిల్ పట్టుకోవద్దు, నకిల్ విప్పి గాజువాక ఆటోనగర్‌లో లేత్ దగ్గరికి పట్టుకెళ్ళండి.

బోల్టు వచ్చాక ఆ చీలికలో వెడల్పాటి ఉలి పెట్టి రెండు మూడు చిన్న దెబ్బలు వెయ్యండి. అర మిల్లీమీటరో మిల్లీమీటరో తెరుచుకుంటే చాలు. ఇంకా లోతుగా దిగ్గొడితే చెవి పగులుతుంది, లేదా రేపు బోల్టు బిగించినా పట్టు రాదు. ఉలి అక్కడే ఉంచి, గునపం మొన సబ్‌ఫ్రేమ్ (ఆర్మ్ లోపలి కొస బిగించిన చట్రం) అంచు కిందికి తోసి, గునపం మధ్య భాగం ఆర్మ్ మీద ఆనించి, దాని బయటి కొసని కిందికి నొక్కండి. నాలుగైదు అడుగుల గునపమైతే ఒక మనిషి బరువు సరిపోతుంది. ఒకరు నొక్కి పట్టుకుంటే ఇంకొకరు నకిల్ చెవిని పక్కనుంచి తట్టాలి. నొక్కుడూ తట్టుడూ ఒకేసారి జరగాలి, అదే కిటుకు. బిగువు లేకుండా కొడితే తుప్పు పొడి రాలుతుందే తప్ప స్టడ్ కదలదు. రెండు ముందు చక్రాలూ గాల్లో ఉండాలి. ఒక్క వైపే లేపితే రెండు ముందు చక్రాల్నీ కలిపే స్టెబిలైజర్ బార్ మెలిపడి ఆ బిగువంతా ఈ జాయింట్ మీదే పడుతుంది.

దిగగానే నకిల్ బయటికి ఊగుతుంది. అలా వదిలేస్తే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ సాగి ఊడొచ్చు, బ్రేక్ గొట్టం బిగుసుకుపోతుంది. కట్టుడు తీగతో నకిల్‌ని స్ప్రింగుకి కట్టి ఉంచండి.

టేపర్ సంగతి మీకు టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ నకిల్‌కి తగిలే కొస) దగ్గర తగులుతుంది. నట్టు పూర్తిగా తియ్యకుండా స్టడ్ కొసకి సమంగా వచ్చేదాకా వదులు చేసి ఆపండి. మర చెడదు, ఊడినప్పుడు ఎగిరి మీద పడదు. ఇక స్టడ్ తల మీద మాత్రం కొట్టకండి. మన మెకానిక్కుల్లో సగం మంది చేసేది ఇదే: కొస పుట్టగొడుగులా విచ్చుకుని కొత్త నట్టు ఎక్కదు, ఆ తర్వాత ‘జాయింట్ పోయింది సార్, మార్చాలి’ అంటారు. కొట్టాల్సింది స్టడ్ దూరిన కన్నం చుట్టూ ఉన్న ఇనుముని, పక్కనుంచి. ఒక వైపు రెండు కిలోల సమ్మెట ఆనించి, ఎదుటి వైపు కిలో సుత్తితో సూటిగా రెండు గట్టి దెబ్బలు. కన్నం క్షణకాలం కోలగా నొక్కుకుని టేపర్ పట్టు వదులుతుంది. అప్పటికీ రాకపోతే మరతో స్టడ్‌ని బయటికి నెట్టే పుల్లర్ తగిలించి బాగా బిగించి, ఆ బిగువు మీద కొట్టండి. టక్కుమని ఊడుతుంది, ముఖం దూరంగా పెట్టండి. నకిల్ అల్యూమినియందైతే సుత్తి ఊసే వద్దు, పుల్లరే.

ఫోర్క్ దూర్చితే రబ్బరు బూటు చిరిగిపోతుంది. పారేసే జాయింట్‌కైతే ఫరవాలేదు, మళ్ళీ వాడేదానికి ఫోర్క్ పెట్టడం కొత్తది కొనుక్కోవడానికి దగ్గరి దారి. గ్యాస్ మంట సంగతీ అంతే. మూసి ఉన్న జాయింట్ వేడెక్కితే లోపలి గ్రీజు పొంగి పేలొచ్చు, పక్కనే ఏబీఎస్ తీగ, బేరింగ్ సీలు ఉంటాయి.

నట్టుతో పాటు స్టడ్ కూడా తిరుగుతోందా? స్టడ్ పైకి చూస్తుంటే జాయింట్ కింద జాకీ పెట్టి పైకి ఒత్తండి, టేపర్ కరుచుకుని స్టడ్ నిలబడుతుంది.

స్కార్పియో, బొలెరో లాంటి డబుల్ విష్‌బోన్ (పైనా కిందా రెండు ఆర్ములుండే) బళ్ళున్నవాళ్ళు పైదంతా చదివి మొదలెట్టేయకండి. అక్కడ స్ప్రింగ్ బలమంతా కింది ఆర్మ్ మీద ఉంటుంది. ఆర్మ్ కింద జాకీ లేకుండా జాయింట్ విప్పితే ఆ ఆర్మ్ ప్రాణం తీసేంత వేగంతో దిగుతుంది. మీ స్విఫ్ట్‌లో స్ప్రింగ్ స్ట్రట్‌లోనే (షాక్ అబ్జార్బర్, స్ప్రింగు కలిసిన నిలువు భాగం) బందీగా ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు. అయినా స్టెప్నీ జాకీ ఒక్కదాన్నీ, ఇటుకల్నీ నమ్మి కిందికి దూరకండి. విప్పిన చక్రాన్ని బాడీ అంచు కిందికి తోసి ఉంచండి.

బిగించేటప్పుడు టేపర్‌కి గ్రీజు రాయకూడదు, పొడిగా తుడిచి కూర్చోబెట్టాలి. స్ప్లిట్ పిన్ కన్నం కలవకపోతే నట్టు ఇంకాస్త బిగించాలి, వెనక్కి తిప్పకూడదు. పించ్ బోల్టు కంపెనీదే కొత్తది తెచ్చుకోండి. నట్లూ బోల్టుల కొట్లో దొరికేదాని తల మీద 10.9 అని బలం గ్రేడు ఉన్నా, మర లేని నున్నటి భాగం పొడవు తేడా వస్తే గాడిలో సరిగ్గా కూర్చోదు. ఆర్మ్ లోపలి కొసనున్న రబ్బరు బుష్‌ల బోల్టులు చక్రాలు నేల మీద ఉండి, బండి బరువు పడ్డాకే చివరి బిగింపు బిగించండి. గాల్లో బిగిస్తే బుష్ రబ్బరు మెలితిరిగే ఉండి, కొన్నాళ్ళకే చిరిగిపోతుంది. అప్పుడు అందరూ నకిలీ పార్టు అని కొట్టువాడిని తిడతారు. అలైన్‌మెంట్‌కి ఇదంతా అయ్యాకే వెళ్ళండి, టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేశాక టై రాడ్ లాక్ నట్టు బిగించాడో లేదో అక్కడే వంగి చూసుకోండి.