ఆర్గానిక్ కెమిస్ట్రీలో వచ్చిన డి గురించి మెడికల్ స్కూల్ అప్లికేషన్‌లో చెప్పాలా?

ప్రశ్న: "న్యూజెర్సీలో ఉంటాం. మా అమ్మాయికి రెండో ఏడాది ఆర్గానిక్‌లో డి వచ్చింది. మళ్లీ చదివి ఏ తెచ్చుకుంది, యూనివర్సిటీ జీపీఏ నుంచి పాత గ్రేడు తీసేసింది. ఇక ఆ సంగతి ఎత్తకుండా ఉండొచ్చా?"

కుదరదండీ. యూనివర్సిటీ తీసేసినా, ఎక్కువ మెడికల్ స్కూళ్లకు అప్లికేషన్లు పంపే ఉమ్మడి సర్వీసు ఆమ్‌కాస్ తీయదు. చదివిన ప్రతిసారీ కోర్సు రాయాల్సిందే, రెండు గ్రేడ్లూ లెక్కలోకి వస్తాయి. డి అంటే 1.0, ఏ అంటే 4.0, సగటు 2.5. డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్) స్కూళ్ల అప్లికేషన్‌లో ఒకప్పుడు కొత్త గ్రేడు మాత్రమే లెక్కపెట్టేవారు, 2017లో అదీ ఆపేశారు. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో చేసిన కోర్సుంటే అదీ రాయాలి. చాలామంది తల్లిదండ్రులకు ఇది అప్లికేషన్ నింపేటప్పుడే తెలుస్తుంది.

కాబట్టి ముందు కాగితం మీద అసలు జీపీఏ వేసుకోండి. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్‌ది విడిగా వేయండి, వాళ్లూ విడిగానే చూస్తారు. మొదటి 60 క్రెడిట్లు 2.8, తర్వాతి 60 క్రెడిట్లు 3.9 అనుకుందాం. మొత్తం 3.35. ఆపైన పోస్ట్‌బ్యాక్‌లో, అంటే డిగ్రీ అయ్యాక తీసుకునే అదనపు కోర్సుల్లో, 30 క్రెడిట్లు అన్నీ ఏలే తెచ్చుకున్నా 3.48 దగ్గరే ఆగుతుంది. సీటొచ్చినవాళ్ల సగటు 3.8కి దగ్గరగా ఉంటుంది మరి. స్పెషల్ మాస్టర్స్ (మెడికల్ స్కూల్‌కి సిద్ధం చేసే పీజీ కోర్సు) చేస్తే ఆ జీపీఏ వేరే వరుసలో పడుతుంది, డిగ్రీ జీపీఏ కదలదు. అయితే ఆమ్‌కాస్ ఏడాదివారీగా కూడా జీపీఏ చూపిస్తుంది. చదివేవాళ్ల కన్ను ఆ వరుస మీదే పడుతుంది: 2.7, 2.9, 3.8, 3.95 అని ఎక్కుతూ పోతే కథ వాళ్లకే అర్థమవుతుంది.

పర్సనల్ స్టేట్‌మెంట్‌కి ఇచ్చేది 5300 అక్షరాలు, ఖాళీలతో కలిపి. అందులో డి గురించి పేరాలకు పేరాలు రాయడం దండగ. చాలా స్కూళ్లు సెకండరీలో (స్కూలు విడిగా పంపే రెండో అప్లికేషన్‌లో) చదువులో ఎదురైన ఇబ్బంది గురించి అడుగుతాయి, అక్కడ రాయమనండి. పిల్లలు మామూలుగా రాసేది ఇలా ఉంటుంది: "ఆ సెమిస్టర్ చాలా కష్టంగా గడిచింది, ప్రొఫెసర్ చెప్పింది అర్థమయ్యేది కాదు, అయినా పట్టుదలతో నిలబడ్డాను." ఇందులో తెలిసిందేమీ లేదు, పైగా నెపం ఇంకొకరి మీద వేసినట్టుంది. దాని బదులు:

"ఆ సెమిస్టర్ 18 క్రెడిట్లు తీసుకున్నాను. మెకానిజమ్‌లు గీసి చూడకుండా నోట్సు బట్టీ పట్టాను. మొదటి మిడ్‌టర్మ్ పోయాక కూడా ఆఫీస్ అవర్స్‌కి వెళ్లలేదు. రెండోసారి రోజూ తెల్లకాగితం మీద గీసి నేర్చుకున్నాను, ఏ వచ్చింది. బయోకెమిస్ట్రీ కూడా అలాగే చదివాను, అందులోనూ ఏ."

అంతే. నిజంగా అనారోగ్యమో, ఇంట్లో ఎవరో పోవడమో కారణమైతే ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది రాసి వదిలేయాలి. ఇంటర్వ్యూలో అడిగినా అర నిమిషంలో ఇదే చెప్పగలగాలి.

అకడమిక్ ప్రొబేషన్ (గ్రేడ్లు తగ్గాయని కాలేజీ ఇచ్చే అధికారిక హెచ్చరిక) పడి ఉంటే మాత్రం వేరే సంగతి. కాలేజీ మీ మీద ఏదైనా చర్య తీసుకుందా అని అడిగే ఇన్‌స్టిట్యూషనల్ యాక్షన్ ప్రశ్నకు అవునని రాయాలి, ట్రాన్‌స్క్రిప్టులో కనబడకపోయినా సరే. డి వల్ల పెద్ద నష్టం లేదు గానీ, దాచినట్టు తేలితే సీటే పోతుంది.

అసలు ఈ డిలకు మూలం మన తొందరేనని నా గట్టి నమ్మకం. హైస్కూల్లో రాసే కాలేజీ స్థాయి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కెమిస్ట్రీ పరీక్షలో 5కి 5 వచ్చిందని జనరల్ కెమిస్ట్రీ దాటించి, పద్ధెనిమిదేళ్ల పిల్లను నేరుగా ఆర్గానిక్‌లో కూర్చోబెడతాం. పక్కన ఫిజిక్స్, రిసెర్చ్, వారానికోసారి హాస్పిటల్ వాలంటీరింగ్, మధ్యలో అరంగేట్రం. అలా మిగుల్చుకున్న ఆ ఒక్క సెమిస్టర్‌తో ఏం చేద్దామని?

ఆ తొందరే మళ్లీ అప్లికేషన్ దగ్గరా చేస్తారు. మూడో ఏడాది అవగానే అప్లై చేస్తే నాలుగో ఏడాది ఏలు జీపీఏలోకి రావు. మెడికల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ కూడా హడావిడిగా రాయించొద్దు. ఏడాదిలో 3 సార్లు, వరుసగా రెండేళ్లలో 4, జీవితం మొత్తంలో 7 సార్లే రాయనిస్తారు. ఒక ఏడాది ఆగమనండి. పెళ్లిళ్లలో "ఇంకా చేరలేదా?" అని అడిగేవాళ్లు అడుగుతూనే ఉంటారు. ఆమ్‌కాస్ మే నెలలో తెరుస్తారు, అప్పటికి నాలుగో ఏడాది గ్రేడ్లు ట్రాన్‌స్క్రిప్టులోకి ఎక్కాయో లేదో చూసుకుని పంపండి.