డాక్టర్ సలహా: వార్తలు చూడడం మానేస్తే గుండెదడ తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 54. తిరుపతిలో కిరాణా దుకాణం నడుపుతున్నాను. ఏడాదిన్నరగా రాత్రి 11కు పడుకుంటే తెల్లవారుజామున 3 గంటలకల్లా మెలకువ వచ్చేస్తోంది. వెంటనే ఫోన్ తీసి వార్తలు, వాట్సాప్ గ్రూపులు, చిన్న వీడియోలు చూస్తూ తెల్లవార్చేస్తున్నాను. యుద్ధాలు, ప్రమాదాలు, రాజకీయ గొడవలు చూసేకొద్దీ గుండె దడదడలాడుతుంది. చూడకపోతే ఏదో జరిగిపోతుందేమోనని ఇంకో దడ. ఈసీజీ, ఎకో, షుగర్, థైరాయిడ్ అన్నీ బాగున్నాయన్నారు. బీపీ మాత్రం ఒకసారి 142/90 వచ్చింది. మందుల షాపులో అడిగి అల్ప్రాజోలాం 0.25 మిల్లీగ్రాముల మాత్ర సగం చొప్పున మూడు వారాలుగా వేసుకుంటున్నాను. గత నెల కొండకు వెళ్లినప్పుడు ఫోన్ డిపాజిట్ చేసి కంపార్టుమెంటులో ఆరు గంటలు కూర్చున్నాను. ఆ రాత్రి ఒళ్లెరగకుండా నిద్రపోయాను. అది స్వామి దయా, ఫోన్ లేకపోవడమా? వార్తలు పూర్తిగా మానేయమంటారా? లోకం ఏమైపోతే నాకేమని కూర్చోవడం తప్పు కాదా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: అయ్యా, మీరు అడిగిన ప్రశ్నలకన్నా ముందు, మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన మాత్ర సంగతి మాట్లాడుకోవాలి. అల్ప్రాజోలాం డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. అది దడను కాసేపు అణచిపెడుతుంది, నిద్ర కూడా పట్టిస్తుంది, కానీ వారాల తరబడి వాడితే ఒంటికి అలవాటై, సగం మాత్ర చాలక ఒకటి, ఒకటి చాలక రెండు అన్నట్లు పెరుగుతూ పోయే గుణం దానికి ఉంది. అలాగని ఈ జవాబు చదివి ఈ రాత్రే మానేయకండి. రోజూ వేసుకుంటున్న మనిషి ఒక్కసారిగా ఆపితే దడ, నిద్రలేమి మునుపటికన్నా ఎక్కువగా తిరగబెట్టవచ్చు. ఈ వారంలోనే ఒక వైద్యుడిని కలిసి, ఆయన చెప్పిన లెక్కన క్రమంగా తగ్గించుకోవాలి. మాత్ర వేసుకున్న రోజుల్లో మద్యం ముట్టకూడదు.

ఇక కంపార్టుమెంటు సంగతి. స్వామి దయ గురించి చెప్పేంతటి వాడిని కాను. ఆ ఆరు గంటల్లో మీ ఒంట్లో ఏం జరిగి ఉంటుందో మాత్రం చెప్పగలను.

అలిపిరి మెట్ల దారిలో నడుస్తుండగా పక్కన పొద కదిలిందనుకోండి. అది చిరుతపులా, గాలా అని మీరు ఆలోచించేలోపే మెదడు గంట కొట్టేస్తుంది. అడ్రినలిన్ రక్తంలోకి దిగి గుండె వేగం పెంచుతుంది, వెనుకే కార్టిసాల్ అనే హార్మోను వచ్చి ఒంట్లోని చక్కెరను కండరాలకు అందుబాటులోకి తెస్తుంది, కాళ్లు పరుగుకు సిద్ధమవుతాయి. పొదలోంచి ఉడుత బయటికి వచ్చి చెట్టెక్కితే మీరు నవ్వుకుని ముందుకు సాగుతారు, కాసేపటికి గుండె తన మామూలు నడకకు వచ్చేస్తుంది. ఒకవేళ నిజంగా పులే అయితే పరుగెత్తుతారు, కేకలు వేస్తారు, నలుగురిని పోగుచేస్తారు. ఏదో ఒకటి చేస్తారు కాబట్టి ఆ సన్నాహానికి ఒక ముగింపు ఉంటుంది. తెర మీది పులి అలా కాదు. అది మీ మీదికి దూకదు, అలాగని అడవిలోకీ పోదు. వేలితో పైకి తోస్తే ఆ స్థానంలో ఇంకొకటి వచ్చి నిలబడుతుంది. మీరు మంచం మీద పడుకునే ఉంటారు, ఒళ్లు మాత్రం రాత్రంతా పరుగుకు సిద్ధమవుతూనే ఉంటుంది. మీ ఈసీజీ బాగుండడానికీ, మీ దడ నిజమైనది కావడానికీ మధ్య ఏ పేచీ లేదు. గుండెలో లోపం లేదు, దానికి అందుతున్న ఆజ్ఞలే అర్థరాత్రి పూట తప్పుడు వేళకు వస్తున్నాయి.

ఇలాంటి ఇబ్బందితోనే ఆమధ్య నా దగ్గరికి ఒకాయన వచ్చారు. మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెడుతున్నాను. నిమిషానికి 82 దగ్గర నిలకడగా ఉన్నది కాస్తా, చొక్కా జేబులో ఫోన్ గుర్రుమనగానే నా వేళ్ల కింద తేడా తెలిసేంతగా వేగం పెరిగింది. రెండో చేయి దానంతటదే జేబు దాకా వెళ్లింది. వద్దని సైగ చేసి, మరో నిమిషం లెక్కపెడితే 90 దాటింది. తీరా చూస్తే అది గ్యాస్ సిలిండర్ బుక్ అయిందన్న మెసేజి. ఆయన సిగ్గుపడ్డారు కానీ, అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాలలో, మీట నొక్కిన ప్రతిసారీ గింజలు వస్తే పావురం ఆకలి మేరకే నొక్కేది, ఎప్పుడు వస్తాయో తెలియకుండా ఉంటే మాత్రం విసుగూ విరామం లేకుండా నొక్కుతూనే ఉండేది. ఫోన్ తీసిన పదిసార్లలో తొమ్మిదిసార్లు పనికొచ్చేది ఏమీ ఉండదు, ఆ పదోసారి కోసమే చేయి పోతుంది. కంపార్టుమెంటులో కూర్చున్న మొదటి గంట మీ చేయి కూడా ఖాళీ జేబును నాలుగైదు సార్లు తడిమే ఉంటుందని నా అంచనా. తర్వాత అది ఊరుకుంది, ఎందుకంటే అక్కడ నొక్కడానికి మీట లేదు. దర్శనం దాకా నడిచారు, నిలబడ్డారు, పక్కవాళ్లతో మాట్లాడారు, అలసిపోయారు. నిద్ర పట్టడానికి ఇవన్నీ కారణాలే, ఫోన్ లేకపోవడం వాటిలో ఒకటి, బహుశా పెద్దది.

దూరం నుంచి చూసినంత మాత్రాన ఒంటికి ఇంత దెబ్బ తగులుతుందా అని మీకు అనిపించవచ్చు. 2013లో బోస్టన్ మారథాన్ పరుగు దగ్గర బాంబులు పేలిన తర్వాత అమెరికా పరిశోధకులు వేలమందిని పరిశీలించారు. పేలుళ్ల తరువాతి వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలు చూస్తూ గడిపినవారిలో తీవ్రమైన మానసిక ఒత్తిడి లక్షణాలు, స్వయంగా ఆ పరుగు దగ్గర ఉన్నవారిలో కనిపించినదానికన్నా ఎక్కువగా ఉన్నాయని తేలింది. అక్కడ ఉన్నవాడు ఆ దృశ్యాన్ని ఒకసారి చూశాడు, టీవీ ముందున్నవాడు వందసార్లు చూశాడు.

మరి పూర్తిగా మానేయాలా అన్నది మీ అసలు ప్రశ్న. వార్తల పోర్టల్‌లో కూర్చుని వార్తలు తగ్గించుకోమని రాయవలసి రావడం నాకూ కాస్త ఇరకాటమే, సంపాదకులు పెద్దమనసు చేసుకోవాలి. 2018లో అమెరికాలో ఎన్నికలకు ముందు నాలుగు వారాలపాటు ఫేస్‌బుక్ వాడకుండా కొందరికి డబ్బిచ్చి చేసిన ఒక అధ్యయనంలో రెండు సంగతులు కలిసే బయటపడ్డాయి. వాళ్లకు రోజుకు సుమారు గంట సమయం మిగిలింది, మనసు కొద్దిగా కుదుటపడింది, గమనించండి, కొద్దిగానే. అదే సమయంలో లోకం సంగతుల మీద వాళ్లకున్న అవగాహన కూడా తగ్గింది. అందుకే నేను మానేయమనడం లేదు. వార్త మీ దగ్గరికి ఎప్పుడు రావాలో మీరు నిర్ణయించండి అంటున్నాను.

అది ఎలాగో మీ దుకాణం లెక్కలోనే చెబుతాను. సరుకు దించే వాహనం ఏ వేళకు పడితే ఆ వేళకు వచ్చి షట్టర్ బాదితే మీరు ఊరుకోరు కదా, ఒక సమయం పెడతారు. వార్తలకు కూడా ఉదయం టిఫిన్ అయ్యాక 20 నిమిషాలు, సాయంత్రం ఏడు లోపల మరో 20 నిమిషాలు కేటాయించండి. ఉదయం పూట అచ్చు పత్రిక అయితే మరీ మేలు. పత్రికకు చివరి పేజీ అంటూ ఒకటి ఉంటుంది, మడిచి పక్కన పెట్టేస్తాం, ఫోన్‌లో ఆ చివరి పేజీ ఎప్పటికీ రాదు. టీవీ చర్చలను మాత్రం పూర్తిగా వదిలేయమనే చెబుతాను, నలుగురు ఒకేసారి అరిచే చోట తెలుసుకోదగినది ఏమీ ఉండదని నా అభిప్రాయం, ఈ విషయంలో నాతో విభేదించేవారు ఉంటే ఉండనివ్వండి.

వ్యాపారానికి ఫోన్ కావాలి, దాన్ని కాదనలేను. అయితే డబ్బు జమ అయిన సంగతి కౌంటర్ మీది స్పీకర్ పెట్టె పైకే చెబుతోంది, దానికోసం తెర చూడక్కర్లేదు. సరుకు ఆర్డర్లు వచ్చే నంబర్లు తప్ప మిగతా వాట్సాప్ గ్రూపులన్నింటినీ మ్యూట్‌లో పెట్టండి. వార్తల యాప్‌ల నోటిఫికేషన్లు ఆపేయండి. బంధువుల గ్రూపులో "అవసరమైతే ఫోన్ చేయండి, మెసేజిలు సాయంత్రమే చూస్తాను" అని ఒక్క మాట రాసి పెట్టండి. నిజంగా ముఖ్యమైన సంగతి ఏదైనా సరే, మీకు ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్పకుండా ఉండరు. రాత్రి దుకాణం మూసేటప్పుడు వీలైతే ఆ ఫోన్‌ను గల్లాపెట్టెలోనే ఉంచి తాళం వేయండి. ఇంట్లో అత్యవసరానికి ఒక బటన్ ఫోన్ చాలు. అది కుదరకపోతే ఛార్జర్‌ను హాల్లోకి మార్చి, పడకగదిలో ఒక అలారం గడియారం పెట్టుకోండి. సమయం చూద్దామని ఫోన్ తీసినవాడు సమయం ఒక్కటే చూసి పక్కన పెట్టిన దాఖలా నేనెక్కడా చూడలేదు.

మూడింటికి మెలకువ వచ్చినప్పుడు ఏం చేయాలి? గడియారం వైపు చూడకుండా, ఊపిరి తీసుకునే సమయం కన్నా వదిలే సమయం ఎక్కువ ఉండేలా నెమ్మదిగా పది నిమిషాలు గాలి పీల్చి వదలండి. అప్పటికీ నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ పడుకోండి. టీ ఎన్నిసార్లు తాగుతారో మీరు రాయలేదు. దుకాణంలో కూర్చునేవారికి లెక్క తెలియకుండానే ఐదారు కప్పులు అయిపోతుంటాయి. కెఫిన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం రెండు తర్వాత టీ, కాఫీ వద్దు. ఉదయం అరగంట నడవండి, కపిలతీర్థం వైపైనా సరే, మీ వీధిలోనైనా సరే, ఫోన్ ఇంట్లో వదిలి వెళ్లండి. మొదటి వారం చిరాకు, ఏదో పోగొట్టుకున్నట్లు వెలితి తప్పవు. ఆ వారం మీ మాట కాస్త కరుకుగా ఉండవచ్చని ఇంట్లో ముందే చెప్పి ఉంచితే మంచిది.

బాధ్యత సంగతి మీరు అడిగినందుకు సంతోషం, చాలామంది ఈ దడకు బాధ్యత అనే పేరు పెట్టుకుని మోస్తుంటారు. 2021 నవంబరులో తిరుపతి వరదనీటిలో చిక్కుకున్నప్పుడు, రాయలచెరువు కట్టకు ప్రమాదమని దిగువ ఊళ్ల వారిని ఖాళీ చేయించినప్పుడు, వార్తలు వినడం అవసరమే. విన్నవారు పిల్లలను, పశువులను, సామాన్లను మెరకకు చేర్చుకోగలిగారు, పక్కవాడికి అన్నం పంపగలిగారు. ఆ వార్త చివర చేయడానికి ఒక పని ఉంది. మీరు రాత్రి మూడింటికి చూస్తున్నవాటిలో అలా చేయడానికి పని ఉన్నవి ఎన్ని ఉన్నాయో వారం రోజులు ఒక కాగితం మీద రాసి చూడండి. ఎక్కడో యుద్ధం జరుగుతుంటే బాధపడడం మనిషి లక్షణం, కానీ ఆ యుద్ధాన్ని నలభైసార్లు చూడడం వల్ల అక్కడి పిల్లవాడికి ఒక్క ముద్ద కూడా అందదు. మనసు ఊరుకోకపోతే మీకు అందుబాటులో ఉన్న పని ఒకటి ఎంచుకోండి. మీ వార్డులో మురుగు కాలువ సంగతి కావచ్చు, వయసు, ఆరోగ్యం అనుమతిస్తే రక్తదానం కావచ్చు.

అయితే నెపమంతా ఫోన్ మీద వేసి కూర్చోవడం కూడా పొరపాటే అవుతుంది. మీ బీపీని ఒక్కసారి చూసి తేల్చలేం. ఇంట్లో ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక ఉదయం, సాయంత్రం రెండేసిసార్లు చొప్పున వారం రోజులు చూసి రాసుకోండి, సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే దానికి విడిగా చికిత్స కావాలి. మీరు గట్టిగా గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగినట్లవుతుందా అని మీ ఇంటావిడను అడగండి. అలా ఉంటే అది నిద్రలో శ్వాస ఆగే జబ్బు కావచ్చు, రాత్రి మెలకువలకు, బీపీకి అది కూడా కారణమవుతుంది. మరో ముఖ్యమైన సంగతి, తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం డిప్రెషన్‌లో తరచుగా కనిపించే లక్షణం. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి తగ్గడం, బతుకు మీద విసుగు వంటివి తోడైతే ఫోన్ దూరం పెట్టడం ఒక్కటే సరిపోదు, మానసిక వైద్యుడిని కలవాలి. చనిపోవాలన్న ఆలోచన ఏ మాత్రం వచ్చినా ఒంటరిగా ఉండకుండా వెంటనే ఇంట్లోవారికి చెప్పి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. దడతో పాటు ఛాతీలో నొప్పి, చెమటలు, ఎడమ చేతికి లాగడం, కళ్లు తిరగడం ఉంటే ఆందోళన వల్లనే అనుకుని ఊరుకోకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి, పాత ఈసీజీ బాగుందన్న ధైర్యం అప్పుడు పనికిరాదు.

ఈ పద్ధతిని నాలుగు వారాలు పాటించండి. పడుకున్న వేళ, మెలకువ వచ్చిన వేళ, బీపీ అంకెలు మీ ఖాతా పుస్తకంలోనే చివరి పేజీలో రాసుకుంటూ ఉండండి. మాత్ర తగ్గించడానికి వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడల్లా ఆ పేజీ ఆయనకు చూపించండి.