లెక్క చెప్పని కమిటీకి మెయింటెనెన్స్ ఆపేయొచ్చా?

ప్రశ్న: లిఫ్టులు మార్చాలి, మూడు నెలల్లో ఒక్కో ఫ్లాట్ వాళ్లు పెద్ద మొత్తం కట్టాలి అని మా అపార్ట్‌మెంట్ కమిటీ నోటీసు అంటించింది. పదహారేళ్లుగా నెలనెలా కడుతున్న డబ్బు ఏమైందని అడిగితే సరైన జవాబు లేదు. లెక్క చూపేదాకా మెయింటెనెన్స్ ఆపేద్దామని కొందరం అనుకుంటున్నాం. మంచిదేనా?

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. అయినా కట్టడం ఆపకండి. కమిటీ లెక్క చూపకపోవడం ఒక తప్పు, మీరు బకాయి పడటం మరొకటి. మొదటిది రెండోదానికి సాకుగా సాధారణంగా చెల్లదు. వడ్డీ పెరుగుతుంది, ఫ్లాట్ అమ్మబోయేటప్పుడు బకాయి లేదన్న పత్రం దొరకదు. అన్నిటికంటే నాకు భయం వేసేది మరొకటి: బకాయిదారులకు ఓటు లేదనే బైలాస్ (సంఘం సొంత నియమాలు) చాలా సంఘాలకు ఉంటాయి. మీ ఓటు అవసరమైన రోజునే అది చేజారుతుంది. 'అభ్యంతరంతో కడుతున్నాను' అని రాసిచ్చి కట్టండి.

ఆ డబ్బు ఎవరో తినేశారని వెంటనే అనుకోకండి. నేను చూసిన చాలా సంఘాల్లో అసలు జబ్బు వేరు. ఓనర్లు గొడవ చేస్తారని మెయింటెనెన్స్ పెంచకుండా ఏళ్లు నెట్టుకొస్తారు, పెద్ద మరమ్మతుల కోసం దాచాల్సిన నిధి మాత్రం నిండదు. లిఫ్టు ఆయుష్షు 20 ఏళ్లనుకుంటే, 16 ఏళ్లు నిండేసరికి దాన్ని మార్చే ఖర్చులో 80 శాతం నిధిలో ఉండాలి. మీ దగ్గర 10 శాతమే ఉందంటే, ఇన్నేళ్లు మీరు తక్కువ కట్టిన డబ్బే ఇప్పుడు ఒక్కసారిగా మీద పడుతోంది.

వాయిదా వేస్తే ఏమవుతుందో కూడా చూశాం. అమెరికాలో ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో 2021 జూన్ 24న చాంప్లైన్ టవర్స్ సౌత్ భవనం కూలి 98 మంది చనిపోయారు. కాంక్రీటు దెబ్బతిందని ఇంజినీరు 2018లోనే నివేదిక ఇచ్చారు. మరమ్మతు ఖర్చు మీద ఓనర్ల మధ్య వాదనలు మాత్రం ఏళ్లు సాగాయి. ఆ తర్వాత, 2022లో, మూడంతస్తులు, అంతకు మించిన కాండోమినియంలకు (ఓనర్ల ఫ్లాట్లున్న భవనాలకు) మరమ్మతు నిధి అంచనాను ఫ్లోరిడా తప్పనిసరి చేసింది.

కాబట్టి లిఫ్టుల పనిని అడ్డుకోకండి, పద్ధతిని నిలదీయండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆడిట్ నివేదిక, పాత మీటింగుల మినిట్స్ కావాలని నలుగురైదుగురు ఓనర్లు కలిసి రాతపూర్వకంగా అడగండి. ఇంత పెద్ద వసూలుకు జనరల్ బాడీ తీర్మానం కావాలా, కోరం (కనీస హాజరు) ఎంత అన్నది బైలాస్‌లో చూడండి. తీర్మానం అవసరమై కూడా అది లేకపోతే ఆ నోటీసునే ప్రశ్నించవచ్చు, కానీ ముందు లాయరుకు చూపించండి. కాంట్రాక్టరు కమిటీలో ఎవరికైనా బంధువా అని మొహమాటపడకుండా అడగండి. బంధువైతే ఆ సభ్యుడు ఓటుకు దూరంగా ఉండాలి.

ఇక మీ ఇంటి సంగతి. మూడు నెలల గడువును ఏడాది వాయిదాలుగా మార్చమని అడగండి, కమిటీలు చాలాసార్లు ఒప్పుకుంటాయి. ఒప్పుకోకపోతే మీ సొంత అత్యవసర నిధిలోంచి కొంత తీయండి. క్రెడిట్ కార్డు మీద మాత్రం కట్టొద్దు.